అయిదు తలుపులు, నూరు శాతం ఉత్తీర్ణత

మా ఆదివారం పాత్రల సంఘం వారి ఎనిమిది నెలల కొండ ప్రయాణం నిర్విఘ్నంగా ముగిసిందనీ, చివర జరిగిన స్వభావ పరీక్షల్లో సభ్యులందరూ నూటికి నూరు శాతం ఉత్తీర్ణులయ్యారనీ కార్యవర్గం తరఫున సగర్వంగా ప్రకటిస్తున్నాను. సభ్యుల తలుపుల్లో ఒక్కటి కూడా తెరుచుకోలేదన్నది వేరే విషయం. దానిమీద విచారణ జరిపించాం. తప్పు తలుపులదేనని తేలింది.

తెలియనివారి కోసం ఈ ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. ఇదిగో అడవి, అదిగో రాక్షసుడు, ఇప్పుడేం చేస్తారు అని అడుగుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్రలో దూరి, ఏం చేస్తారో నోటితో చెబుతారు. అంత పని వీళ్లవల్ల అవుతుందా అని అనుమానం వస్తే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే రాక్షసుడు చస్తాడు. చిన్న అంకె పడితే పాచిక సరిగా దొర్లలేదని మళ్లీ వేస్తారు. ఎవరికెంత ధైర్యం, ఎంత తెలివి, ఎంత దయ ఉన్నాయో ముందే ఒక కాగితం మీద అంకెల్లో రాసి పెట్టుకుంటారు. ఎవరి అంకెలు వాళ్లే వేసుకుంటారు కాబట్టి మా సంఘంలో సద్గుణాలకు ఏనాడూ కరువు రాలేదు.

ఆట జరిగేది పళ్ల డాక్టరుగారి క్లినిక్‌లో, రోగులు కూర్చునే హాల్లో. ఆదివారం మధ్యాహ్నం రోగులుండరు. గోడల నిండా చిగుళ్ల జబ్బుల బొమ్మలు, మూల చేపల తొట్టి, బల్లమీద ప్లాస్టరుతో చేసిన పెద్ద దవడ. ఆ దవడే అవసరాన్నిబట్టి మాకు గుహ, కోట, పడవ, ఒకసారి అమ్మవారి గుడి కూడా అయింది. మొదట్లో కొంచెం ఇబ్బందిగా ఉండేది కాని, ఏడు వారాలు గడిచేసరికి పళ్ల మధ్యనుంచి సైన్యం నడిచి వస్తోందంటే మాకు నిజంగానే ఒళ్లు జలదరించేది.

డాక్టరుగారిది భయమెరుగని యోధుడి పాత్ర. ధైర్యం ఇరవైకి ఇరవై. ఆయన నిజజీవితంలో రోగికి పన్ను పీకాలన్న సంగతి చెప్పలేక మూడు నెలలు మందులు రాస్తారు. లాయరమ్మగారిది జన్మలో అబద్ధమాడని సన్యాసిని పాత్ర. పక్కవీధి అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీగారు, ప్రజల మేలుకోరి సింహాసనం వదిలేసిన రాజు. అపార్ట్‌మెంటులో ఆయన పదకొండేళ్లుగా సెక్రటరీ. ఎన్నికలు పెడదామని ఎవరైనా అన్నప్పుడల్లా లిఫ్టు మరమ్మతుకు వస్తుంది, దాని సంగతి చూసేసరికి ఏడాది గడిచిపోతుంది. ఇక నేను. ఒక కార్యాలయంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. నాది అందరి గోడూ ఓపికగా వినే మహాజ్ఞాని పాత్ర. నన్నెరిగినవాళ్లు ఈ పాత్ర నాకోసమే పుట్టిందన్నారు. మినిట్సు రాసేది కూడా నేనే కాబట్టి ఆ మాట రికార్డులో ఉంది.

అయిదో మనిషి పిన్ని. క్లినిక్ కింద టైలరింగ్ షాపు ఆవిడదే. డాక్టరుగారికి సొంత పిన్ని, అంటే వాళ్లమ్మగారికి తోడబుట్టిన చెల్లెలు. మాకందరికీ కూడా పిన్నే. ఆవిడ సంఘంలో చేరేసరికి వీరుల పాత్రలన్నీ అయిపోయాయి. అందుకని మా సామాను మోసే కంచరగాడిదను తోలే పని ఆవిడకు అప్పగించాం. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఒళ్లో ఏదో జాకెట్టు పెట్టుకుని హెమ్మింగ్ చేసుకుంటూ, మధ్యమధ్య తలెత్తి "గాడిదకు నీళ్లు పెట్టానని రాసుకోండి" అనేది. మేం ఒకేసారి ముగ్గురు రాక్షసులను చంపిన రోజున కూడా ఆవిడ చెప్పింది అంతే.

కథ నడిపేది మాస్టారు. ఆయన ఉద్యోగం పరీక్షల కార్యాలయంలో ప్రశ్నపత్రాలు తయారుచేయడం. ఇరవై ఆరేళ్లలో ఆయన వేసిన ప్రశ్నలన్నీ గైడులో ఉన్నవే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గైడులో లేని ప్రశ్న వేశారట. ఆ ఏడు తల్లిదండ్రులు రోడ్డు మీద బైఠాయించారు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి, ప్రశ్నను ముట్టుకున్నవాళ్లందరికీ పూర్తి మార్కులు వేశారు. ముట్టుకోనివాళ్లు కోర్టుకెళ్లి తెచ్చుకున్నారు.

మా వీరులు కొండ దగ్గరికి చేరిన ఆదివారం మాస్టారు లేచి నిలబడి మాట్లాడారు. ఆయన లేచి నిలబడటం అదే మొదలు.

"ఈ కొండ లోపల దీపం ఆరిపోయి ఉంది. వెలిగించాలంటే లోపలికి వెళ్లాలి. కొండకు అయిదు తలుపులున్నాయి, ఒక్కొక్కరికి ఒక్కటి. తలుపు దగ్గర మీ పాత్రకు తగిన పరీక్ష ఒకటి ఎదురవుతుంది. నిజమైన జవాబు చెబితే తెరుచుకుంటుంది. మంచి జవాబు కాదండి, నిజమైన జవాబు. పాచిక ఉండదు." అక్కడ ఆగి కళ్లజోడు తుడుచుకున్నారు. "ఇరవై ఆరేళ్లు ప్రశ్నలు వేశాను. జవాబు నాకు తెలుసు, రాసేవాడికి తెలుసు, దిద్దేవాడికి తెలుసు. వచ్చే నెల రిటైరవుతున్నాను. ఏం జవాబు వస్తుందో నాకు తెలియని ప్రశ్న ఒకటి అడగాలని ఉంది. ఒక్క నిజమైన జవాబు వింటే చాలు. అదీ దొరక్కపోతే ఇక ఈ పాచికలు మూటగట్టేస్తాను."

మేం చాలాసేపు చప్పట్లు కొట్టాం. రిటైర్మెంటు ఉపన్యాసాల్లో ఇంతకంటే హృదయాన్ని కదిలించేది నేను వినలేదు. ఆ వెంటనే, మాస్టారు చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే, సెక్రటరీగారు ఆయన సంచిలోంచి నోటుపుస్తకం తీసి, కౌంటరు వెనకున్న జిరాక్సు మిషను మీద అయిదు కాపీలు తీశారు. ఇది లీకేజి అని కొందరు అపోహపడవచ్చు. విద్యార్థులు ఒత్తిడికి గురికాకుండా ముందస్తుగా తీసుకున్న సంక్షేమ చర్య ఇది.

కాపీలు చదివి అందరం నివ్వెరపోయాం. ఒక్క భూతం లేదు, ఒక్క అగ్నిగుండం లేదు, కనీసం పొడుపుకథ కూడా లేదు. యోధుడి తలుపు దగ్గర ఒక పేషెంటు లాంటి ముసలాయన కూర్చుని "నీకు భయమేస్తోందా బాబూ" అని అడుగుతాడు, అంతే. సన్యాసినిని ఒక తల్లి "నా బిడ్డకు నువ్విచ్చిన మందు పొరపాటుదా" అని అడుగుతుంది. రాజుగారికి ఒక కుర్చీ ఉంటుంది. జనం వచ్చి "చాలా చేశారు, ఇక మేం చూసుకుంటాం" అంటారు, ఆయన లేవాలి. జ్ఞాని ముందుకు ఒక మనిషి వచ్చి తన బాధ చెప్పుకుంటుంది. జ్ఞాని మూడు నిమిషాలపాటు సలహా ఇవ్వకుండా వినాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఎనిమిది నెలలు నడిపించి, పసిపిల్లలను అడిగే ప్రశ్నలు అడగడం మా స్థాయికి అవమానమని ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డాం.

అభ్యంతరాలు లిఖితపూర్వకంగా సమర్పించాం. యోధుడి భయం సున్నా అని పాత్ర కాగితంలోనే ఉంది కాబట్టి ప్రశ్న సిలబస్‌లో లేదని డాక్టరుగారు రాశారు. పొరపాటు అన్న మాటకు నిర్వచనం, బిడ్డ వయసు ధ్రువపత్రం, మందు సీసా అసలు కాపీ కావాలని లాయరమ్మగారు పద్నాలుగు పేజీలు రాశారు. రాజు కుర్చీనుంచి లేవడానికి సర్వసభ్య సమావేశం, దానికి కోరం, కోరం లెక్కించడానికి ఒక ఉపసంఘం అవసరమని సెక్రటరీగారు గుర్తుచేశారు. నేను హుందాగా ఒకే వాక్యం రాశాను. మూడు నిమిషాలు మరీ తక్కువ, నాలాంటివాడికి కనీసం గంట పెట్టాలని కోరాను. మాస్టారు అన్నీ తీసుకుని, జాగ్రత్తగా మడిచి, ఊగుతున్న బల్లకాలు కింద పెట్టారు.

పిన్ని మాత్రం తన కాపీ చదవలేదు. "తలుపు దగ్గరే కదా తెలిసేది" అని పక్కన పెట్టేసింది. ఆవిడ తరఫున లాయరమ్మగారు చదివి, గతుక్కుమని, మాకు చూపించారు. పిన్ని తలుపు దగ్గర ఆవిడ పాత్రకు అక్క నిలబడి ఉంటుంది. "నేను చేసింది తప్పే, నన్ను క్షమిస్తావా" అని అడుగుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పిన్నికీ వాళ్లక్కకూ, అంటే మా డాక్టరుగారి తల్లికీ, తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఆ అక్కచెల్లెళ్ల అమ్మ వాడిన కుట్టుమిషను ఒకటుండేది. ఆ మిషను మీదే పిన్ని పని నేర్చుకుంది. అక్కగారు ఇల్లు సర్దుతూ, అడక్కుండా, దాన్ని పాత ఇనపసామానువాడికి ఇచ్చేసింది. అడిగితే "తుప్పు పట్టింది కదే, దాన్నేం చేసుకుంటావు" అందట. వీధి వీధంతా ఎరిగిన సంగతే. డాక్టరుగారు ఈ తొమ్మిదేళ్లూ తల్లి దగ్గర పిన్ని మాట ఎత్తకుండా, పిన్ని దగ్గర తల్లి మాట ఎత్తకుండా, మెట్లమీద పిల్లిలా తిరుగుతున్నారు. భయమెరుగని యోధుడు కాబట్టి సరిపోయింది.

పిన్నికి ఇబ్బంది కలగకూడదని మేమే ఆవిడకు నమూనా జవాబు తయారుచేశాం. "అక్కా, క్షమించాను. పోయినవన్నీ పోనీ. రక్తసంబంధం ముందు ఇనుము ఎంత" అని. ఆఖరి వాక్యం నాది. చీటీ మీద రాసి పిన్ని చేతిలో పెట్టాం. "చెప్పేసెయ్ పిన్నీ, ఆట కదా, నీ సొమ్మేం పోయింది" అన్నారు డాక్టరుగారు, ఆవిడ వైపు చూడకుండా. పిన్ని చీటీని కత్తెర కింద పెట్టి దారం ఎక్కించుకోసాగింది.

పరీక్షలు మొదలయ్యాయి. మాస్టారు ముసలాయన గొంతుతో "నీకు భయమేస్తోందా బాబూ" అని మెల్లగా అడిగారు. డాక్టరుగారు లేచి, ఎడమచేయి నడుముమీద వేసి, "భయమా. ఆ పదం మా వంశంలో ఎవరూ పలకలేదు. ఏడు సముద్రాలు ఈదినవాణ్ణి, ఎనిమిది తలల సర్పాన్ని చీల్చినవాణ్ణి" అంటూ నాలుగు నిమిషాలు మాట్లాడారు. ఇంతలో ఆయన ఫోను మోగింది. తెర మీద వాళ్లమ్మగారి పేరు కనబడగానే, ఎవరూ చూడలేదనుకుని, ఫోనును సోఫా దిండు కింద తోసేశారు. మాస్టారు తలుపు తెరుచుకోలేదన్నారు.

లాయరమ్మగారు పొరపాటు జరిగిందని ఒప్పుకోలేదు, జరగలేదని చెప్పలేదు, జరిగి ఉండవచ్చన్న సూచనను కూడా తోసిపుచ్చారు. ఆ తల్లి ఏం అడిగిందో ఆ తల్లికే గుర్తులేని స్థితికి తెచ్చారు. ఆ వాదనాపటిమకు మేం లేచి నిలబడి అభినందించాం. తలుపు తెరుచుకోలేదు. రాజుగారు కుర్చీలోంచి లేస్తున్నానని ప్రకటించారు. లేస్తూ లేస్తూ ప్రజలకు సందేశం ఇచ్చారు. సందేశం ముగిసేసరికి మళ్లీ కూర్చుని ఉన్నారు. ఎప్పుడు కూర్చున్నారో ఆయనకే తెలియదు పాపం, అలవాటు. ఆ తలుపూ తెరుచుకోలేదు.

తరువాత నా వంతు. మాస్టారు గడియారం బల్లమీద పెట్టి, ఒక ముసలి స్త్రీ గొంతుతో మొదలుపెట్టారు. "ఇంట్లో అందరూ మాట్లాడతారు స్వామీ. నేను మాట్లాడితే మాత్రం..." అన్నారు. నేను వెంటనే పొద్దున్నే నడక మంచిదన్నాను. తరువాత ఉప్పు తగ్గించమన్నాను, తోటపని పెట్టుకోమన్నాను, ఎదుటివాళ్ల మాట వినడం నేర్చుకోమన్నాను. మాస్టారు నోరు తెరిచారు, మళ్లీ మూశారు. గడియారం చూస్తే ఇరవై రెండు సెకన్లయింది. మూడు నిమిషాల పనిని ఇరవై రెండు సెకన్లలో పూర్తిచేసిన నా తలుపు కూడా తెరుచుకోకపోవడం చూశాక, ఈ తలుపుల తయారీలోనే ఏదో లోపం ఉందని నాకు రూఢి అయింది.

ఆడలేక మద్దెల ఓడన్నారని మీరు నవ్వవచ్చు. మద్దెల నిజంగా ఓడైపోతే చెప్పవద్దా.

చివరికి పిన్ని. మాస్టారి మొహం అప్పటికే వాడిపోయింది. నోటుపుస్తకం సగం మూసేసి, పాచికలను సంచిలోకి చేర్చుకుంటూ, మొక్కుబడిగా అడిగారు. "మీ అక్క నిలబడి ఉందమ్మా. నేను చేసింది తప్పే, నన్ను క్షమిస్తావా అంటోంది."

పిన్ని సూది ఆపింది. మేం నలుగురం చీటీ వైపు కళ్లతో చూపించాం. సెక్రటరీగారు పెదవులు కదిపి అందించారు కూడా. ఆవిడ మమ్మల్ని చూడలేదు. చేపల తొట్టి వైపు చాలాసేపు చూసింది.

"లేదండీ మాస్టారూ. క్షమించాలనే ఉంది. రోజూ అనుకుంటాను. కానీ ఇంకా రాలేదు నాకు. వచ్చిందని చెబితే అబద్ధమవుతుంది" అంది. మళ్లీ సూది పట్టుకుని, ఒక కుట్టు వేసి, ఆగింది. "ఆవిణ్ణి కూర్చోమనండి. ఎండలో నిలబడి వచ్చిందేమో, మంచినీళ్లిస్తాను. క్షమించడం మాత్రం ఇవాళ కాదు."

డాక్టరుగారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నేలకేసి చూస్తున్నారు. మాస్టారు కళ్లజోడు తీసేశారు. తుడుచుకోలేదు, ఊరికే చేత్తో పట్టుకున్నారు.

"తలుపు తెరుచుకుందమ్మా" అన్నారు. "మీరూ మీ గాడిదా లోపలికి వెళ్లండి. దీపం అక్కడే ఉంది."

"గాడిదకు ముందు నీళ్లు పెట్టాలి" అంది పిన్ని. తరువాత లోపలికి వెళ్లి దీపం వెలిగించింది. మాస్టారు ఆ వెలుగును అలా వర్ణిస్తూ ఉండిపోయారు. మనిషి అంత సంతోషంగా ఉండటం నేను ఎరగను, నిజం చెప్పాలంటే నాకు కొంచెం కడుపులో కలుక్కుమంది. అసూయ అని మినిట్సులో రాసే వీలులేదు కాబట్టి, అజీర్ణం అని రాసుకున్నాను.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిపాం. ఎజెండాలో మూడు అంశాలు. మొదటిది, ఉత్తమమైన జవాబులిచ్చిన నలుగురు సభ్యులకు గ్రేసు మార్కులు కలిపి ఉత్తీర్ణులుగా ప్రకటించడం. ఆమోదించాం. రెండోది, సొంత అక్కను క్షమించనని నిండు సభలో చెప్పిన వ్యక్తి సంగతి. ఏ ప్రమాణంతో చూసినా ఇది ఫెయిలే. అయిదుగురిలో ఒకరు ఫెయిలైతే ఫలితం ఎనభై శాతానికి పడిపోతుంది. పేరున్న ఏ సంస్థా అలాంటి మచ్చ భరించదు. పేరున్న సంస్థలు ఏం చేస్తాయో అదే మేమూ చేశాం. పిన్ని పేరును మొదటి ఆదివారం నుంచి వర్తించేలా జాబితాలోంచి తొలగించాం. అలాగైతే ఎనిమిది నెలలు మన సామాను ఎవరు మోసినట్టు అని డాక్టరుగారు సణిగారు. సామానే లేదని తీర్మానించాం. మూడో అంశం, అనుమతి లేకుండా దీపం వెలిగించడం. దాన్ని ఆర్పివేయాలని కోరుతూ మాస్టారికి నోటీసు రాశాం.

నోటీసు తీసుకెళ్లి ఇచ్చింది నేనే. కింద టైలరింగ్ షాపులో మాస్టారు కొత్త బట్టల మధ్య ఒక స్టూలు మీద కూర్చుని ఉన్నారు. కటింగ్ బల్లమీద పాచికలు. ఎదురుగా పిన్ని. ఇద్దరూ కొండ దాటి అవతలి లోయలో ఉన్నారట. నేను నోటీసు చదివి వినిపించాను. మాస్టారు శ్రద్ధగా విని, "అలాగేనండి, అందరూ ఉత్తీర్ణులే, నా అభినందనలు చెప్పండి" అన్నారు. ఇక పైకి రానన్నారు. బతిమాలాను. ఒక్క జవాబు చాలన్నాను కదండీ, దొరికింది అన్నారు. అప్పుడు పిన్ని నాకు కుర్చీ చూపించి, "కూర్చోండి, మంచినీళ్లు తాగుతారా" అంది. నా ఎదుట ఇంకే తలుపూ లేదు కదా, అయినా ఎందుకో కూర్చోవడానికి ధైర్యం చాలలేదు. పనుందని చెప్పి వచ్చేశాను. డాక్టరుగారు మాత్రం ఈ మధ్య మెట్లు దిగి షాపు గుమ్మం దాకా వెళ్తున్నారు, మళ్లీ ఎక్కి వస్తున్నారు. గమనిస్తున్నాం.

సంఘం ఆగలేదు. కొత్త కథకుణ్ణి నియమించుకున్నాం. చాలా ఆధునిక భావాలున్న మనిషి. ఎవరి పరీక్ష వాళ్లే రాసి ఇవ్వమన్నారు, జవాబుతో సహా. నా ప్రశ్న నేను రాసుకున్నాను. "ఓ మహాజ్ఞానీ, ఇంత గొప్పవాడివైనా ఇంత వినయం నీకెలా అబ్బింది" అని. దీనికి జవాబు చెప్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి, కొత్త కథకుడు వాటికి గడియలే పెట్టించలేదు. లోపలికి వెళ్లి చూస్తే కొండంతా చీకటి. దీపం గురించి అడిగితే, అది ఈ ఏడాది సిలబస్‌లో లేదన్నారు.

ఇంతవరకూ చదివారు కాబట్టి మీ గురించీ ఒక మాట. యోధుడి తలుపు మీ తోడల్లుడికి, సన్యాసినిది మీ ఆడపడుచుకి, కుర్చీ ఉన్నది మీ ఆఫీసరుకి అచ్చుగుద్దినట్టు సరిపోతాయని మీరు ఈపాటికి తేల్చేసి ఉంటారు. జ్ఞానిది ఎవరికో కూడా గుర్తొచ్చి నవ్వుకుని ఉంటారు. మీ కొలతకు తగ్గ తలుపు మాత్రం అందులో ఒక్కటీ కనబడి ఉండదు. మాకు కావలసింది సరిగ్గా అలాంటివాళ్లే. సంఘంలో ప్రస్తుతం ఒక ఖాళీ ఉంది, వచ్చే ఆదివారం నేరుగా రావచ్చు. కింద షాపు ముందునుంచి వచ్చేటప్పుడు మాత్రం లోపలికి చూడకుండా చకచకా మెట్లెక్కేయండి. అక్కడ ఎవరో ఒకరు కూర్చోమంటారు.